ప్రార్థనే మందంటే చట్టం ఏమంటుంది?

కాలిఫోర్నియా ఆరోగ్య చట్టంలో టీబీ గురించిన అధ్యాయంలో ఒక వింత సెక్షన్ ఉంది. ఎవరైనా ఒక గుర్తింపు ఉన్న మతశాఖ బోధనల ప్రకారం రోగం నయం కావడానికి పూర్తిగా ప్రార్థన మీదే ఆధారపడితే, ఆ కారణం చెప్పి మినహాయింపు అడిగితే, వాళ్లని వైద్య పరీక్షకి బలవంతం చేయకూడదు. మందు మింగమని గానీ, ఆసుపత్రిలో చేరమని గానీ అనకూడదు. ఇంతవరకు చదివితే ప్రభుత్వం చేతులెత్తేసినట్టే అనిపిస్తుంది. కానీ అదే పేరాలో ఇంకో మాట ఉంది. ఆ మనిషికి అంటుకునే దశలో టీబీ ఉందని అనుమానించడానికి సరైన ఆధారం దొరికితే, జబ్బు వివరాలు ప్రభుత్వానికి తెలపడం, విడిగా ఉంచడం, క్వారంటైన్ నిబంధనలు అన్నీ అతనికీ వర్తిస్తాయి. ఇంట్లో ఉంటాడో, తను ఎంచుకున్న ఇంకెక్కడైనా ఉంటాడో అతని ఇష్టం. ఉండే చోటు మిగతావాళ్లకి సురక్షితంగా ఉంటే చాలు.

మతం పేరుతో వైద్యం వద్దనే హక్కు గురించి ఎక్కడ వాదన జరిగినా మూడు వేరు వేరు విషయాలు కలగాపులగం అయిపోతాయి. ఒకటి పరీక్ష, రెండోది చికిత్స, మూడోది జనానికి దూరంగా ఉంచడం. ఈ సెక్షన్ వాటిని విడదీసింది. పరీక్షలో చాలావరకు, చికిత్సలో పూర్తిగా మినహాయింపు ఇచ్చి, విడిగా ఉంచడం దగ్గర మాత్రం మతాన్ని లెక్కలోకి తీసుకోలేదు. రాసినవాళ్లు బాగానే ఆలోచించారు.

అయితే ఆచరణలోకి వచ్చేసరికి ఒక చిక్కు ఉంది. ఒక ఇంట్లో పెద్దాయనకి టీబీ బయటపడిందనుకోండి. కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆరోగ్య శాఖ నర్సు వచ్చి ఆ ఇంట్లో వాళ్లందరికీ రక్త పరీక్ష, అవసరమైతే ఛాతీ ఎక్స్‌రే తీయించమంటుంది. కొడుకు మతం పేరు చెప్పి వద్దంటాడు. అతనికి దగ్గు లేదు, జ్వరం లేదు. లోపల టీబీ క్రిములు నిద్రాణంగా ఉన్నాయో లేదో పరీక్ష లేకుండా తెలియదు. నిద్రాణంగా ఉన్నంతకాలం అది ఎవరికీ అంటుకోదు, కాబట్టి చట్టం అతన్ని వదిలేయడంలో తప్పు లేదు. కొన్నాళ్లకి రాత్రిళ్లు చెమటలు పడుతూ, బరువు తగ్గుతూ, వారాల తరబడి దగ్గుతూ ఉంటే? అప్పుడు ఆ లక్షణాలూ, ఇంట్లో రోగి ఉన్న సంగతీ కలిసి 'సరైన ఆధారం' అవుతాయి. పరీక్ష చేస్తే ముందే తెలిసేది, చేయకపోతే దగ్గు ముదిరాక తెలుస్తుంది. ఈ మధ్యలో అతను ఎవరితో బస్సెక్కాడన్నది చట్టం మన మీద మోపిన రిస్కు. కావాలనే మోపింది.

ఇక్కడొక ప్రశ్న వేసుకోవాలి. బుద్ధి స్థిమితంగా ఉన్న పెద్దవాళ్లు తమకి మందు వద్దు అనడానికి మతం ఎందుకు? అమెరికాలో ఏ కారణమూ చెప్పకుండానే కీమోథెరపీ వద్దనొచ్చు, ఆపరేషన్ వద్దనొచ్చు, సంతకం పెట్టి ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లిపోవచ్చు. యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖవాళ్లు మత నమ్మకంతో రక్తం ఎక్కించుకోకపోయినా పెద్దవాళ్ల విషయంలో డాక్టర్లు చేయగలిగేది పెద్దగా ఏమీ ఉండదు. అంటే మతపరమైన మినహాయింపు నిజంగా పనికొచ్చేది మిగిలిన చోట్లే. పక్కవాళ్లకి ముప్పు ఉండే అంటురోగాల పరీక్షలు, టీకాలు, అన్నిటికన్నా ముఖ్యంగా తమ తరఫున తాము మాట్లాడలేని పిల్లలు. వివాదాలన్నీ అక్కడే ఎందుకు పుట్టాయో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఈ క్లాజులు ఎలా వచ్చాయో చూద్దాం. 1879లో బోస్టన్‌లో మేరీ బేకర్ ఎడ్డీ స్థాపించిన చర్చి క్రిస్టియన్ సైన్స్. జబ్బు అనేది అసలు సత్యం కాదు, సరైన ప్రార్థనతో పోతుంది అన్నది వాళ్ల నమ్మకం. రోగి కోసం ప్రార్థన చేసే 'ప్రాక్టీషనర్లు' వాళ్లలో ఉంటారు, ఫీజు కూడా తీసుకుంటారు. సంఖ్యలో ఎప్పుడూ చిన్న మతమే గానీ చదువుకున్నవాళ్లు, పలుకుబడి ఉన్నవాళ్లు ఎక్కువ. ప్రతి రాష్ట్రంలో చట్టసభ వ్యవహారాలు చూసుకోవడానికి చర్చి తరఫున ఒక మనిషి ఉంటాడు. వైద్య పరీక్షో, చికిత్సో తప్పనిసరి చేసే బిల్లు ఎక్కడ కనబడ్డా, మాకు ఇది వర్తించదు అనే వాక్యం అందులో చేర్పించడం ఆయన పని. 'ప్రార్థన ద్వారా', 'ఆధ్యాత్మిక మార్గంలో' అనే మాటలు అన్ని రాష్ట్రాల చట్టాల్లో దాదాపు ఒకేలా కనిపించడానికి కారణం అదే.

1974లో పిల్లలపై హింస, నిర్లక్ష్యం నిరోధక చట్టం వచ్చినప్పుడు అమెరికా కేంద్ర ఆరోగ్య శాఖ ఒక నిబంధన పెట్టింది. పిల్లలకి వైద్యం బదులు ప్రార్థన ఎంచుకున్న తల్లిదండ్రులని నిర్లక్ష్యం చేసినవాళ్లుగా చూడకూడదని ఏ రాష్ట్రమైతే చట్టంలో రాస్తుందో ఆ రాష్ట్రానికే నిధులు. ముందటి ఏడాది దాకా అధ్యక్షుడు నిక్సన్ దగ్గర చక్రం తిప్పిన సలహాదారులు హాల్డెమన్, ఎర్లిక్‌మన్ ఇద్దరూ క్రిస్టియన్ సైన్స్ మతస్థులే. అది కాకతాళీయమని నమ్మేవాళ్లు తక్కువ. 1983లో కేంద్రం ఆ షరతు ఎత్తేసింది గానీ అప్పటికే చాలా రాష్ట్రాలు చట్టాల్లో ఆ వాక్యం ఇరికించేశాయి. చట్టంలోకి దూరిన వాక్యాన్ని బయటికి లాగడం ఎంత కష్టమో ఆ తర్వాత తెలిసొచ్చింది.

1989లో మినెసోటాలో పదకొండేళ్ల అబ్బాయి మధుమేహంతో చనిపోయాడు. ఇన్సులిన్ ఇస్తే బతికే జబ్బు. తల్లి, సవతి తండ్రి ప్రార్థన చేయించారు, డాక్టర్‌ని పిలవలేదు. ప్రభుత్వం నరహత్య కేసు పెట్టింది. 1991లో రాష్ట్ర సుప్రీంకోర్టు కేసు కొట్టేసింది. పిల్లల నిర్లక్ష్యం గురించిన సెక్షన్‌లో ప్రార్థన కూడా ఆరోగ్య సంరక్షణే అని మీరే రాసి, ఇప్పుడు ఇంకో సెక్షన్ కింద అదే పనికి జైలు అంటే తల్లిదండ్రులు ఏది నమ్మాలి అని కోర్టు అడిగింది. నేరం ఏదో ముందే స్పష్టంగా చెప్పకుండా శిక్షించకూడదు కదా. తర్వాత కన్నతండ్రి సివిల్ దావా వేసి పరిహారం గెలుచుకున్నాడు, అది వేరే సంగతి.

కాలిఫోర్నియాలో దీనికి సరిగ్గా ఎదురు తీర్పు వచ్చింది. నాలుగేళ్ల పాప మెనింజైటిస్‌తో (మెదడు పొరల వాపు) రెండు వారాలకి పైగా బాధపడి 1984లో చనిపోయింది. అక్కడి చట్టంలోనూ ప్రార్థన మినహాయింపు ఉంది. 1988లో అక్కడి సుప్రీంకోర్టు ఏమందంటే, పిల్లల పోషణ గురించిన చిన్న నేరానికి మాత్రమే ఆ మినహాయింపు, ప్రాణం పోయే పరిస్థితిలో నరహత్య సెక్షన్‌ని అది ఆపలేదు. దాదాపు ఒకే రకం వాక్యం, ఒకే రకం నమ్మకం, రెండు రాష్ట్రాల్లో రెండు ఫలితాలు. నా దృష్టిలో రెండు కోర్టులదీ తప్పు కాదు. ఎంతవరకు మినహాయింపో, ఎక్కడ ఆగుతుందో రాయకుండా వదిలేసిన శాసనసభ్యులది తప్పు.

ఇలాంటి మరణాలు ఎన్ని అన్నదానికి ఒక లెక్క ఉంది. సెత్ ఆసర్ అనే పిల్లల డాక్టర్, రీటా స్వాన్ కలిసి 1998లో ఒక అధ్యయనం ప్రచురించారు. రీటా స్వాన్ ఒకప్పుడు క్రిస్టియన్ సైన్స్‌లో ఉండి, 1977లో కొడుకుని మెనింజైటిస్‌కి పోగొట్టుకుని బయటికొచ్చిన తల్లి. మత కారణంతో వైద్యం అందక 1975 నుంచి 1995 మధ్య చనిపోయిన 172 మంది పిల్లల కేసులు వాళ్లు పరిశీలించారు. వాటిలో 140 కేసులు వైద్యం అందితే నూటికి తొంభై మందికి పైగా బతికే జబ్బులు. ఆ తర్వాత ఆరెగాన్ లాంటి రాష్ట్రాలు మినహాయింపులు తీసేశాయి. పక్కనే ఉన్న ఐడహో తీయలేదు.

నిజానికి పిల్లల విషయంలో అమెరికా సుప్రీంకోర్టు 1944లోనే తన మనసులో మాట చెప్పింది. అది వైద్యం కేసు కూడా కాదు. ఒక యెహోవా సాక్షి తన సంరక్షణలోని పాపతో వీధిలో మత పత్రికలు పంపిణీ చేయించిన కేసు. తల్లిదండ్రులు తాము అమరులు కావాలనుకుంటే కావచ్చు గానీ, పిల్లలు తమంతట తాము నిర్ణయించుకునే వయసు రాకముందే వాళ్లని అమరులని చేసే హక్కు లేదని కోర్టు అంది. మత స్వేచ్ఛలో సమాజాన్ని గానీ, బిడ్డని గానీ అంటురోగం పాలు చేసే స్వేచ్ఛ లేదని కూడా అంది. రక్తం ఎక్కించాల్సిన పిల్లల కేసుల్లో ఆసుపత్రులు రాత్రికి రాత్రి జడ్జి దగ్గర ఉత్తర్వు తెచ్చుకోగలగడం వెనక ఈ మాటే ఉంది. కాబట్టి రాష్ట్రాలు ఇచ్చే మినహాయింపులు రాజ్యాంగం బలవంతం చేసి ఇప్పించినవి కావు, శాసనసభలు ఇష్టపడి ఇచ్చినవి. ఇచ్చిన చేత్తో తీసేయొచ్చు. పుట్టిన పిల్లల మడమ గుచ్చి నాలుగు చుక్కల రక్తం తీసే స్క్రీనింగ్ పరీక్షకి చాలా రాష్ట్రాలు మతపరమైన మినహాయింపు ఇస్తాయి, నెబ్రాస్కా ఇవ్వదు. దాని మీద తల్లిదండ్రులు కోర్టుకెక్కితే 2005లో అక్కడి సుప్రీంకోర్టు చట్టాన్నే సమర్థించింది. ఆ చుక్కల్లో బయటపడే జబ్బులు కొన్ని మొదటి వారాల్లో ఆహారం మారిస్తే అదుపులో ఉంటాయి, ఆలస్యమైతే బిడ్డ మెదడు దెబ్బతింటుంది.

మళ్లీ మొదటి సెక్షన్‌లోని 'గుర్తింపు ఉన్న మతశాఖ' అన్న మాటకి వస్తాను. ఎవరు గుర్తించాలి? న్యూయార్క్ ఒకప్పుడు టీకా మినహాయింపు గుర్తింపు పొందిన మతసంస్థ సభ్యులకే ఇచ్చేది. 1987లో ఫెడరల్ కోర్టు అది చెల్లదంది. ఒక మతానికి ముద్ర వేసి ఇంకోదానికి వేయకపోవడం ప్రభుత్వం పని కాదు. సరే అని అందరి నమ్మకాలకీ వర్తింపజేస్తే ఇంకో సమస్య. నమ్మకం నిజమా కాదా అని అధికారి అడగకూడదని 1944లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆ మనిషి మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడా లేదా అన్నంతవరకే అడగొచ్చు. స్కూల్ ఆఫీసులో గుమస్తా ఒక ఫారం చూసి మనస్ఫూర్తి కొలవడం ఎలాగో నాకు తెలియదు, వాళ్లకీ తెలియదు. అందుకే చాలాచోట్ల సంతకం ఉంటే చాలు, ఫారం తీసుకుంటారు. మిసిసిపీ సుప్రీంకోర్టు 1979లో ఇంకో కోణం పట్టుకుంది. కొందరి పిల్లలకి మినహాయింపు ఇస్తే మిగతా పిల్లలకి సమాన రక్షణ ఏదీ అని మత మినహాయింపునే రద్దు చేసింది. 2023లో ఫెడరల్ జడ్జి ఆదేశంతో అది మళ్లీ వచ్చింది.

టీకాల కథలో 1905 నాటి జేకబ్సన్ కేసు గురించి అందరూ చెబుతారు గానీ ఒక విషయం వదిలేస్తారు. మశూచి టీకా వద్దని ఐదు డాలర్ల జరిమానా మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లిన హెన్నింగ్ జేకబ్సన్ ఒక పాస్టర్. అయినా ఆయన ప్రధాన వాదన మతం కాదు. నా ఒంటి మీద నాకు హక్కు ఉంది, చిన్నప్పుడు టీకా వల్ల బాధపడ్డాను అన్నాడు. కోర్టు ఒప్పుకోలేదు. శరీరం అనే తలుపు అప్పుడు మూసుకుంది. తర్వాత టీకా వద్దనుకున్నవాళ్లకి శాసనసభలు తెరిచిపెట్టిన మతం అనే తలుపే మిగిలింది. భయం ఉన్నవాళ్లు, అనుమానం ఉన్నవాళ్లు, డాక్టర్ అపాయింట్‌మెంట్‌కి తీరిక లేనివాళ్లు, అందరూ అందులోంచే దూరడం మొదలుపెట్టారు.

ఫలితాలు చూశాం. 1990-91లో ఫిలడెల్ఫియాలో తట్టు వ్యాపించి 1,400 మందికి పైగా సోకింది, 9 మంది పిల్లలు చనిపోయారు. వాళ్లలో సగానికి పైగా వైద్యాన్నే నమ్మని రెండు చర్చిల కుటుంబాల పిల్లలు. చివరికి కోర్టు ఆదేశంతో కొందరు పిల్లలకి టీకాలు వేయించాల్సి వచ్చింది. డిస్నీలాండ్ పార్కు నుంచి తట్టు వ్యాపించాక 2015లో కాలిఫోర్నియా స్కూలు టీకాలకి వైద్య కారణాలు తప్ప మిగతా మినహాయింపులు ఎత్తేసింది. తమ రాష్ట్రంలోని బ్రూక్లిన్, రాక్‌లాండ్ ప్రాంతాల్లో తట్టు వ్యాపించాక 2019లో న్యూయార్క్ కూడా ఎత్తేసింది. మెయిన్, కనెటికట్ కూడా అదే బాటలో వెళ్లాయి. టెక్సస్ మాత్రం 2003 నుంచి 'మనస్సాక్షి' కారణం చాలంటుంది. 2025 జనవరి నుంచి ఆగస్టు దాకా అక్కడ 762 మందికి తట్టు వచ్చింది, ఇద్దరు బడి పిల్లలు చనిపోయారు. ఎక్కువ కేసులు మెనోనైట్ అనే క్రైస్తవ శాఖ కుటుంబాలు ఉండే గెయిన్స్ కౌంటీలో వచ్చాయి. మెనోనైట్ మతంలో టీకా వద్దనే సిద్ధాంతమేమీ లేదు. తట్టు లాంటి జబ్బుని ఆపాలంటే నూటికి 95 మందికి టీకా ఉండాలి. కౌంటీ మొత్తం సగటు బాగున్నా ఒకే చర్చికి, ఒకే బడికి వెళ్లేవాళ్లలో సగం మందికి లేకపోతే చాలు, నిప్పు అంటుకుంటుంది.

ఇది ఇంతటితో తేలలేదు. 1990లో సుప్రీంకోర్టు అందరికీ ఒకేలా వర్తించే చట్టం నుంచి మతం పేరుతో తప్పించుకోలేరంది. ఇప్పుడున్న న్యాయమూర్తులు ఆ సూత్రాన్ని అంచులు కోస్తూ వస్తున్నారు. వైద్య కారణాలకి మినహాయింపు ఇచ్చి మతానికి ఇవ్వకపోతే అది వివక్ష కాదా అన్నది ఇప్పటి వాదన. టీకాలు లేని పిల్లల్ని చేర్చుకున్నందుకు న్యూయార్క్‌లో అమిష్ అనే క్రైస్తవ శాఖ బడులకి పడిన జరిమానాల కేసులో కింది కోర్టు తీర్పుని సుప్రీంకోర్టు 2025 డిసెంబరులో పక్కన పెట్టి, మళ్లీ చూడమంది. ఎలర్జీ ఉన్న బిడ్డకి టీకా ఆపడం ఆ బిడ్డ ఆరోగ్యం కోసం. టీకా చట్టం లక్ష్యం కూడా ఆరోగ్యమే. రెండిటినీ ఒకే గాటన కట్టడం నాకు సబబుగా అనిపించదు.

మన భారత రాజ్యాంగం దీన్ని పూర్తిగా వేరే దారిలో తీసుకెళ్లింది. మత స్వేచ్ఛ ఇచ్చే 25వ అధికరణ మొదలయ్యేదే 'ప్రజా శాంతి, నైతికత, ఆరోగ్యాలకు లోబడి' అని. మత సంస్థల హక్కులు చెప్పే 26వ అధికరణలోనూ అదే షరతు. మత స్వేచ్ఛ ఇచ్చే అమెరికా రాజ్యాంగ సవరణలో అలాంటి మాటే లేదు, దాన్ని కోర్టులు వందేళ్లుగా తీర్పులతో పూడుస్తున్నాయి. మనవాళ్లకి ముందు చూపు ఉండటానికి చరిత్ర కూడా కారణం అయ్యుంటుంది. 1897 ప్లేగు రోజుల్లో పుణెలో సైనికులు ఇళ్లలో జొరబడి, పూజ గదుల్లోకి బూట్లతో వెళ్లారని, ఆడవాళ్లని నలుగురిలో పరీక్షించారని జనం మండిపడ్డారు. ఆ ఏడాది జూన్ 22న ప్లేగు కమిషనర్ ర్యాండ్‌ని చాపేకర్ సోదరులు కాల్చారు. పరీక్ష చేసే అధికారం ఎంత అవసరమైనా, చేసే తీరు దారుణంగా ఉంటే జనం పరీక్షనే శత్రువుగా చూస్తారు. మన ఊళ్లలో మశూచిని అమ్మవారు పోసిందనేవాళ్లు, పోలేరమ్మకి కొలుపులు చేసేవాళ్లు. అదే ఊళ్లలో టీకాలు వేసిన ఆరోగ్య కార్యకర్తలు చాలావరకు నచ్చజెప్పే పని పూర్తిచేశారు. పోలియో చుక్కలు కూడా అంతే.

అంటే మన దగ్గర మతం తలుపు దాదాపు మూసే ఉంది. తమాషా ఏంటంటే, శరీరం తలుపు తెరిచారు. 2019లో ఢిల్లీ హైకోర్టు బడుల్లో తట్టు-రూబెల్లా టీకా వేయాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలంది. 2022 మే 2న సుప్రీంకోర్టు కోవిడ్ టీకా కేసులో, 21వ అధికరణ ప్రకారం ఎవరి ఒంట్లోకీ బలవంతంగా టీకా ఎక్కించకూడదంది. ప్రజారోగ్యం కోసం సహేతుకమైన ఆంక్షలు మాత్రం పెట్టొచ్చంది. ఇక్కడ టీకా వద్దనేవాళ్లు ఏ దేవుడి పేరూ చెప్పక్కర్లేదు. నాకిది నిజాయితీగా ఉన్న ఏర్పాటు అనిపిస్తుంది. భయాన్ని భక్తిగా చూపించాల్సిన అవసరం రాదు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకి ఈ విషయం రెండు చోట్ల ఎదురవుతుంది. ఒకటి పిల్లల్ని బడిలో చేర్చేటప్పుడు. ఇండియా నుంచి తెచ్చిన టీకా కార్డులో బీసీజీ ఉంటుంది, అక్కడ అడగరు. ఆటలమ్మ టీకా మన ప్రభుత్వ కార్యక్రమంలో లేదు, అక్కడ అడుగుతారు. బడి తెరిచే వారంలో ఈ టెన్షన్ భరించలేక, మినహాయింపు ఫారం మీద సంతకం పెడితే పోలా అని సలహా ఇచ్చేవాళ్లు తగులుతారు. అక్కర్లేదు. మిగిలిపోయిన డోసులకి షెడ్యూల్ వేసుకుంటే చాలా రాష్ట్రాల్లో షరతులతో చేర్చుకుంటారు. పైగా బడిలో తట్టు కేసు వస్తే మినహాయింపు తీసుకున్న పిల్లల్ని వారాల తరబడి ఇంటికి పంపే అధికారం ఆరోగ్య శాఖకి ఉంటుంది.

రెండోది గ్రీన్‌కార్డు వైద్య పరీక్ష. టీకాలకి 'మత విశ్వాసం లేదా నైతిక నిశ్చయం' పేరుతో వేవర్, అంటే మినహాయింపు, అడిగే వీలు వలస చట్టంలో ఉంది. దానికి ఐ-601 దరఖాస్తు, ఫీజు, వివరణ కావాలి. నిర్ణయం డాక్టర్‌ది కాదు, వలస శాఖది. అభ్యంతరం నిజాయితీగా ఉండాలి, ఏదో ఒక్క టీకా మీద కాకుండా మొత్తం టీకాల మీద ఉండాలి. చిన్నప్పటి నుంచి టీకాలు వేయించుకుని ఇప్పుడు ఒక్కదానికి కాదంటే ఎందుకని అడుగుతారు, జవాబు ఉండాలి. అయితే ఆ వేవర్ టీకాలకి మాత్రమే. రెండేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ టీబీ రక్త పరీక్ష, అది పాజిటివ్ వస్తే ఛాతీ ఎక్స్‌రే, ఇవి మతం పేరు చెప్పినా తప్పవు. ఎన్నేళ్లుగా కాలిఫోర్నియాలో ఉంటున్నా సరే, ప్రార్థన పేరుతో పరీక్ష వద్దనే ఆ టీబీ సెక్షన్ సివిల్ సర్జన్ (వలస శాఖ ఈ పరీక్షలకి నియమించిన డాక్టర్) గదిలో పనిచేయదు. అది రాష్ట్ర చట్టం, ఇది ఫెడరల్ వ్యవహారం.